దొరకని పుస్తకం కోసం: సూరత్ చదువరుల పంతాలు

సూరత్ అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది చీర. ఆ తర్వాత జరీ, వజ్రాలు. కాస్త తిరిగినవాళ్లయితే అక్కడి తిండి గురించి చెబుతారు. భోజనం చేస్తే సూరత్‌లో చేయాలి, పోతే కాశీలో పోవాలి అని గుజరాతీలకు సామెతే ఉంది. ఈ వరసలో పుస్తకం మాట ఎవరూ ఎత్తరు. బజారు ఊరు కదా, అక్కడ చదివేది చిట్టా ఆవర్జాలే అనుకుంటాం.

అది సగం నిజం. వ్యాపారం మీద బతికిన ఊరే, కాదనలేం. కానీ మూడున్నర శతాబ్దాల చరిత్రను చదువరుల వైపు నుంచి తిరగేస్తే ఒక సంగతి పట్టుబడుతుంది. సూరత్‌లో తీరిగ్గా చదువుకున్నవాళ్ల కన్నా, చేతికందని పుస్తకం కోసం పంతం పట్టినవాళ్లే పేరు మిగుల్చుకున్నారు. ఆ పంతాల్లో కొన్ని వాళ్లతోనే ముగిశాయి. మిగతావి ఊరికి అచ్చుయంత్రాలుగా, పత్రికలుగా, నిఘంటువుగా మిగిలాయి.

మొదటి పంతం ఒక దలాలుది. 1670 నాటికి ఈస్టిండియా కంపెనీకి పడమటి తీరంలో ప్రధాన స్థావరం సూరతే. బొంబాయి కంపెనీ చేతికొచ్చి రెండేళ్లే అయింది. కంపెనీ సరుకు కొనిపెట్టే పెద్ద దలాలు భీమ్‌జీ పారేఖ్. ఆయన కంపెనీ కోఠీ (వర్తక స్థావరం) దొరలను ఒక చిత్రమైన కోరిక కోరాడు. బ్రాహ్మణుల పాత గ్రంథాలను అచ్చు వేయించాలని ఉంది, ఇంగ్లండు నుంచి అచ్చుపని తెలిసిన మనిషిని రప్పించండి, ఖర్చు నేను పెట్టుకుంటాను అన్నాడు. మిరియాలు, నీలిమందు, గుడ్డల లెక్కలతో నిండిన ఉత్తరంలో ఈ మాట కూడా లండన్‌కు వెళ్లింది. 1674లో హెన్రీ హిల్స్ అనే అచ్చుపనివాడు యంత్రంతో సహా దిగాడు.

తీరా చూస్తే హిల్స్‌కు అచ్చు వేయడం వచ్చు గానీ అక్షరాలు పోత పోయడం రాదు. ఇంగ్లీషు దిమ్మలు తెచ్చుకున్నాడు; ఇక్కడి లిపికి దిమ్మలు చెక్కేదెవరు? భీమ్‌జీ ఊరుకోలేదు. తన మనుషుల చేతే అక్షరాలు చెక్కించే ప్రయత్నం చేశాడు. అక్కడి వర్తకులు వాడే బనియా లిపిలో అచ్చయిన కాగితాలు చూశామని, బాగానే ఉన్నాయని కోఠీవాళ్లు లండన్‌కు రాశారు కూడా. ఆ కాగితాల్లో ఒక్కటీ మనదాకా రాలేదు. ఆయన అచ్చు వేయించాలనుకున్న పుస్తకమూ రాలేదు. గుజరాతీ అక్షరం నిలకడగా అచ్చులోకి రావడానికి ఆ తర్వాత నూటముప్పై ఏళ్లకు పైగా పట్టింది. ఆ పని చేసిన ఫర్దూన్‌జీ మర్జ్‌బాన్ కూడా సూరత్‌లో పుట్టినవాడే. 1812లో బొంబాయిలో అచ్చుకూటం పెట్టి, 1822లో 'ముంబయి సమాచార్' మొదలుపెట్టాడు. అది ఇప్పటికీ నడుస్తోంది.

రెండో పంతగాడు ఈ దేశంవాడు కాడు. పేరు ఆంక్తీల్ దుపెరాన్. 1754లో పారిస్‌లో ఇరవై రెండేళ్ల ఈ కుర్రాడికి నాలుగు కాగితాలు చూపించారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న పార్సీల మతగ్రంథం 'వెందిదాద్' నుంచి దించిన అక్షరాలవి. యూరప్‌లో వాటిని చదవగలిగినవాడు ఒక్కడూ లేడు. చదవగలిగినవాళ్లు సూరత్‌లో ఉన్నారని తెలిసింది. డబ్బు లేదు కాబట్టి ఫ్రెంచి కంపెనీ సైన్యంలో మామూలు సిపాయిగా పేరు రాయించుకున్నాడు. ఓడ ఎక్కేలోపు పెద్దవాళ్లు కల్పించుకుని, సిపాయి గొడవ వదిలించి, కొద్దిపాటి భత్యం ఇప్పించారు.

1755లో పుదుచ్చేరిలో దిగినవాడు నేరుగా సూరత్ వెళ్లలేదు. బెంగాల్‌లోని చందర్‌నగర్ చేరాడు. 1757లో ఇంగ్లీషువాళ్లు ఆ ఊరు పట్టుకోవడంతో అక్కడి నుంచి నేల దారిన మళ్లీ పుదుచ్చేరికి బయల్దేరాడు. అంటే ఒరిస్సా దాటి మన తీరాంధ్రం పొడవునా నడిచొచ్చాడన్నమాట. బొబ్బిలి యుద్ధం జరిగిన ఏడాదే అది. ఆ గందరగోళం మధ్య ఎవరికీ చదవరాని ఒక పుస్తకం కోసం ఈ దారిన ఒక ఫ్రెంచి కుర్రాడు పోయాడని మన చరిత్ర పుస్తకాలు పెద్దగా చెప్పవు.

1758 మే 1న సూరత్ చేరాడు. దస్తూర్ దారాబ్ అనే పార్సీ పురోహితుడు చదువు చెప్పడానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమంటే పూర్తిగా కాదు. పరాయివాడికి మతగ్రంథం విప్పి చెప్పాలంటే ఏ పురోహితుడికైనా చేయి ఆడదు. పాఠం నత్తనడక నడిచింది. ఆంక్తీల్ చేతిలో డబ్బులు తరిగిపోతున్నాయి. పైగా దారాబ్ ఇచ్చిన ప్రతి సరైనదో కాదో తెలిసే దారి లేదు. ఇక్కడ ఊరి రాజకీయం అక్కరకొచ్చింది. సూరత్ పార్సీలు అప్పటికే రెండు వర్గాలుగా చీలి ఉన్నారు. దారాబ్ ఒక పక్క. డచ్చి కంపెనీ దలాలు మంచేర్జీ ఇంకో పక్క. ఆంక్తీల్ డచ్చివాళ్ల ద్వారా మంచేర్జీ దగ్గరున్న ప్రతి సంపాదించి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. తేడాలు దొరికాయి. ఆ తేడాలు చూపించి నిలదీశాక పాఠం దారిలో పడింది. రెండు పురోహిత వర్గాల కీచులాట ఒక చదువరికి ఇంతగా పనికొచ్చిన సందర్భం ఇంకోటి ఉంటుందా అనిపిస్తుంది.

వాళ్ల పాఠం పద్ధతి చూడాలి. గురుశిష్యులిద్దరికీ సమానంగా వచ్చిన భాష పారసీ. ఆంక్తీల్ ఆ గ్రంథంలోని అవెస్తా భాష మాటను చదివి, దాని ఉచ్చారణ రాసుకుంటాడు. దారాబ్ దాని అర్థం పారసీలో చెబుతాడు. అది విని ఆంక్తీల్ ఫ్రెంచిలో రాస్తాడు. ఒక్కో మాటా ఇలా మూడు భాషలు దాటాలి. 1759 మార్చి 24న 'వెందిదాద్' అనువాదం మొదలుపెట్టి జూన్ 16కు ముగించాడు. మూడు నెలలు కూడా పట్టలేదు, అదీ సూరత్ ఎండాకాలంలో. ఆ ఏడాదే సాటి ఫ్రెంచివాడితో కత్తియుద్ధం చేసి, అవతలివాడు చనిపోగా, ఇంగ్లీషు కోఠీలో తలదాచుకున్నాడు కూడా. పుస్తకాల పురుగులంటే మెత్తనివాళ్లనుకునే వాళ్లకు ఈయన్ను చూపించాలి.

1761లో సూరత్ విడిచినప్పుడు ఆయన వెంట 180 రాతప్రతులున్నాయి. ఇంగ్లండులో దిగి, నేరుగా ఇంటికి పోకుండా ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, తనను ఇంత దూరం తిప్పిన ఆ ప్రతిని తెచ్చుకున్నవాటితో సరిపోల్చుకున్నాడు. 1762లో పారిస్‌లో రాతప్రతులను రాజు గ్రంథాలయానికి అప్పజెప్పాడు. 1771లో మూడు సంపుటాల 'జెంద్ అవెస్తా' వచ్చింది. ఇదంతా బూటకమని భాషా పండితుడు విలియం జోన్స్ ఎగతాళి చేశాడు. తర్వాతి పండితులు ఆ గ్రంథాలు అసలైనవేనని తేల్చారు గానీ అనువాదంలో తప్పులు చాలానే పట్టారు. ఒకటి మాత్రం అన్యాయం అనిపిస్తుంది. పుస్తకం మీద పేరు శిష్యుడిది. రోజూ కూర్చుని చెప్పిన దారాబ్ పేరు పండితుల అధోజ్ఞాపికల్లోనే ఉండిపోయింది.

ఇవన్నీ పెద్దింటి చదువులు. ఊళ్లో మామూలు మనిషికి పుస్తకమంటే చెవితో వినేది. సాయంత్రం వీధిలో మాణభట్టు కూర్చుంటాడు. వేళ్లకు ఉంగరాలు, ముందు మూతి సన్నటి రాగి బిందె. ఉంగరాల చేత్తో బిందె మీద తాళం వేస్తూ నలోపాఖ్యానమో సుదాముడి కథో చెబుతాడు. పదిహేడో శతాబ్దపు కవి ప్రేమానందుడు వడోదరవాడు. సూరత్‌లోనూ ఉండి కథలు చెప్పాడు. బడిలో పిల్లలకు పుస్తకమే లేదు. పలక మీద దుమ్ము పరిచి, పుల్లతో అంకెలు దిద్ది, ఎక్కాలు గొంతెత్తి చదవడమే చదువు. మన వీధిబడిలో ఇసకలో అక్షరాలు దిద్దించినట్టే.

ఆ బడి మారడం 1826లో మొదలైంది. బొంబాయిలో కొత్త పద్ధతి శిక్షణ పొంది వచ్చిన తొలి గుజరాతీ పంతుళ్లలో దుర్గారామ్ ఒకడు. 1809లో సూరత్‌లో పుట్టిన నాగర బ్రాహ్మణుడు. ఊళ్లోవాళ్లకు దుర్గారామ్ మెహతాజీ. పాఠాలు చెప్పడంతో ఆగలేదు. చదవడం నేర్పాక చదవడానికి ఏమిస్తాం అన్న ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. 1842లో పుస్తక ప్రసారక మండలి పెట్టి రాతి అచ్చు యంత్రం తెప్పించాడు. అప్పటికి సూరత్‌లో అచ్చుయంత్రం లేదని కాదు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చిన స్కిన్నర్, ఫైవీ 1820 ప్రాంతంలోనే అచ్చుకూటం పెట్టి గుజరాతీ బైబిల్ వేశారు. కానీ అది పాదరీల యంత్రం. ఊరివాళ్లు తమకు కావలసింది తాము వేసుకోవడం వేరు.

రాతి అచ్చులో సీసపు దిమ్మలతో పనిలేదు. చేతిరాత బాగున్న మనిషి జిడ్డు సిరాతో రాస్తే, ఆ రాతే రాతి మీదికెక్కి వందల కాగితాల మీద పడుతుంది. భీమ్‌జీని ఓడించిన చిక్కు అలా ఒక్కసారిగా తప్పిపోయింది. అందుకే ఆ రోజుల్లో చేతిరాత మంచి వృత్తి. 

1844 జూన్ 22న దుర్గారామ్, మరాఠీ వ్యాకరణకర్త దాదోబా పాండురంగ్, ఇంకో ముగ్గురు కలిసి మానవ ధర్మ సభ పెట్టారు. ఆ ముగ్గురు దిన్‌మణిశంకర్, దల్‌పత్‌రామ్, దామోదర్‌దాస్. అయిదుగురి పేర్లూ 'ద'తోనే మొదలవడంతో ఊరు వాళ్లకు 'పంచ దద్దా' అని ఎకసెక్కపు పేరు తగిలించింది. వాళ్లు మంత్రాలు, దయ్యాలు, వితంతు వివాహం లాంటివి బాహాటంగా చర్చించేవారు. మంత్రగాళ్లను శక్తి చూపించమని సవాలు చేసేవారు. దుర్గారామ్ ఈ చర్చలను దినచర్యలో రాసి పెట్టుకునేవాడు. సభ ఎక్కువకాలం నిలవలేదు గానీ ఆ రాతల్లో మిగిలినవాటితోనే మహీపత్‌రామ్ అనే రచయిత 1879లో ఆయన జీవితచరిత్ర రాశాడు.

ఈ మెహతాజీ బడిలో కూర్చున్న పిల్లల్లో ఒకడు నర్మదాశంకర్. గుజరాత్ అంతా నర్మద్ అని పిలుచుకునే కవి. 1833 ఆగస్టు 24న సూరత్ ఆమ్లీరాన్‌లో పుట్టాడు. నాలుగేళ్లు నిండకముందే, 1837 ఏప్రిల్‌లో ఊరిని అగ్ని చుట్టుముట్టి తొమ్మిది వేలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. వాళ్ల ఇల్లూ పోయింది. తండ్రి లాల్‌శంకర్ బొంబాయిలో రాతపని చేసి బతికేవాడు. కొడుకు బాల్యం బొంబాయికీ సూరత్‌కూ మధ్య తిరగడంలోనే గడిచింది. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చేరాడు, మానేశాడు. తాపీ నదికి అవతలున్న రాందేర్‌లో పంతులుద్యోగం చేశాడు, మానేశాడు.

ఆయన చదువు తీరు అప్పటి కాలేజీ కుర్రాళ్లందరికీ తెలిసిన తీరు కాదు. వర్డ్స్‌వర్త్ చదివి ప్రకృతి మీద కవిత్వం రాయాలనిపించింది. ధీరో భగత్ పదాలు విని రాయడం మొదలుపెట్టాడు. కానీ కవిత్వం రాయాలంటే ఛందస్సు రావాలి. చదువుకుందామంటే అచ్చు పుస్తకం లేదు. సూరత్‌లో ఒక తాపీమేస్త్రీ ఇంట ఛందశ్శాస్త్రం రాతప్రతి ఉందని తెలిసింది. మేస్త్రీ దాన్ని గడప దాటనివ్వనన్నాడట. సరేనని నర్మద్ రోజూ ఆ ఇంటికే వెళ్లి కూర్చుని మొత్తం నకలు చేసుకున్నాడని గుజరాతీ సాహిత్యకారులు చెప్పుకుంటారు. అప్పటి సమాజంలో నాగర బ్రాహ్మణుడు మేస్త్రీ వాకిట్లో కూర్చుని పుస్తకం రాసుకోవడం చిన్న విషయం కాదు. ఆ మేస్త్రీకి ఛందస్సు పుస్తకంతో ఏం పని అని అడిగేవాళ్లు ఉంటారు. చదువు ఏయే ఇళ్లలో ఉంటుందన్న మన అంచనాలే కాస్త పొరపాటేమో.

1858 నవంబర్ 23న బొంబాయి బడిలో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఇంటికొచ్చాడు. ఇక ఎవరి కొలువూ చేయను, కలం పెట్టిందే తింటాను అని ఒట్టు పెట్టుకున్నాడు. వయసు పాతిక. గుజరాతీలో పుస్తకం కొని చదివేవాళ్లు బహు తక్కువమంది ఉన్న రోజులవి. రాతనే నమ్ముకుని బతకడమంటే దాదాపు సాహసం. అయినా పద్యాలు, వ్యాసాలు వరసగా వచ్చాయి. అడిసన్, స్టీల్‌ల 'స్పెక్టేటర్' చదివిన ప్రభావంతో 1864 సెప్టెంబర్‌లో మిత్రులతో కలిసి 'దాండియో' పత్రిక పెట్టాడు. నిద్రపోయే ఊరిని కర్ర చప్పుడుతో లేపే తలారి లాంటి పత్రిక. 1866లో ఆత్మకథ రాసుకున్నాడు. కొన్ని ప్రతులే అచ్చు వేసి దగ్గరివాళ్లకిచ్చాడు. లోకం దాన్ని చూసింది 1933లో, శతజయంతి నాడు.

అసలు పంతం నిఘంటువుది. చదువుతున్నప్పుడు ఎదురైన మాటకు అర్థం చూసుకోవడానికి గుజరాతీలో నిఘంటువు లేదు. ఇంగ్లీషు మాటలకు గుజరాతీ అర్థాలు చెప్పేవి ఉన్నాయి, గుజరాతీకి గుజరాతీలో చెప్పేది లేదు. అయితే నేనే రాస్తాను అని ఒక్కడే కూర్చున్నాడు. 1861 నుంచి భాగాలుగా వేస్తూ, మధ్యలో డబ్బుల్లేక ఆగుతూ, 1873కు 'నర్మకోశ్' పూర్తి చేశాడు. పాతికవేల మాటలు. దాని ముందు వేసిన గీతమే తర్వాత గుజరాత్ రాష్ట్ర గీతమైంది. సభలో ఆ పాట వినేవాళ్లలో అది ఒక నిఘంటువు ముందుమాట అని ఎందరికి తెలుసో!

తెలుగులో ఇలాంటి పనికి ఒక్కడు కాదు, ముగ్గురిని కలిపి చూడాలి. కడపలో సొంత డబ్బుతో పండితులను పెట్టి రాతప్రతులు సరిచూయించిన బ్రౌన్, 1885లో 'శబ్దరత్నాకరం' ఇచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యులు, పత్రిక పెట్టి సంఘంతో కలబడ్డ కందుకూరి. ముగ్గురు చేసిన పనిని నర్మద్ ఒక్కడే తలకెత్తుకున్నాడు. ఫలితం కూడా అనుభవించాడు. అప్పులు ముంచెత్తాయి. కొలువు చేయనన్న ఒట్టు ఇరవై నాలుగేళ్లు నిలబెట్టి, 1882లో బొంబాయిలో గోకుల్‌దాస్ తేజ్‌పాల్ ధర్మాదాయ సంస్థలో ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. ఆ దెబ్బ నుంచి తేరుకోలేదంటారు. 1886 ఫిబ్రవరిలో పోయాడు.

ఈలోగా ఊరు చదవడం నేర్చుకుంది. 1850లోనే ఆండ్రూస్ లైబ్రరీ వెలిసింది. 1863లో దిన్‌షా అర్దేషిర్ తల్యార్‌ఖాన్ పెట్టిన పత్రిక 'గుజరాత్‌మిత్ర'గా ఇప్పటికీ సూరతీల పొద్దుటి చాయ్ పక్కన ఉంటుంది. 1866లో సూరత్ ఇంగ్లీషు బడి హెడ్మాస్టరు నందశంకర్ మెహతా 'కరణ్ ఘేలో' రాశాడు, గుజరాతీలో తొలి నవల అది. మనకు 'రాజశేఖర చరిత్రము' రావడానికి ఇంకా పన్నెండేళ్లుంది. నర్మద్, నందశంకర్, విమర్శకుడు నవల్‌రామ్. సూరత్ తన ముగ్గురు 'న'ల గురించి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. 'ద'లు, 'న'లు లెక్కపెట్టడం ఆ ఊరి సరదాలా ఉంది.

అప్పటి పట్టణ లైబ్రరీలు చందాతో నడిచేవి. చందా కట్టలేనివాడి సంగతి సూరత్‌కు దగ్గర్లోనే ఇంకో ప్రభుత్వం పట్టించుకుంది. పక్కనున్న నవసారి బరోడా సంస్థానంలో ఉండేది. మహారాజు శాయాజీరావు 1910లో బోర్డెన్ అనే అమెరికా గ్రంథపాలకుణ్ని రప్పించి ఊరూరా ఉచిత గ్రంథాలయాలు పెట్టించాడు. లైబ్రరీ లేని పల్లెకు చెక్కపెట్టెలో పుస్తకాలు సర్ది పంపేవారు. చదివేశాక పెట్టె వెనక్కి, ఇంకో పెట్టె ముందుకు. బ్రిటిష్ పాలనలో ఉన్న సూరత్‌కు ఆ భాగ్యం లేదు.

ఆ పెట్టెల గాలి మన వైపు మాత్రం వీచింది. బెజవాడలో గ్రంథాలయోద్యమం నడుపుతున్న అయ్యంకి వెంకట రమణయ్య 1919 నవంబర్ 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ సభ జరిపించినప్పుడు, అధ్యక్షత వహించింది బరోడా గ్రంథాలయాల క్యూరేటర్ కుడాల్కర్. నవంబర్ 14 నుంచి వారం రోజులు గ్రంథాలయ వారోత్సవాలు జరుపుకోవడం వెనక ఉన్నది ఆ సభే.

ఇప్పుడు సూరత్‌లో నర్మద్ పేరుతో విశ్వవిద్యాలయం ఉంది, ఘోడ్‌దోడ్ రోడ్డులో నగరపాలిక కేంద్ర గ్రంథాలయమూ ఉంది. రైలుపట్టాలకు అవతల, లింబాయత్ వైపు, మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు పేటలున్నాయి. తెలంగాణ పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డ పద్మశాలీల కుటుంబాలు. నగరపాలిక బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమమూ నడుస్తుంది. పన్నెండు గంటల షిఫ్టు దిగి ఇల్లు చేరిన మనిషి ఊరు దాటి లైబ్రరీకి వెళ్లి రావాలంటే సెలవు రోజు దొరకాలి. బరోడావాళ్ల చెక్కపెట్టె ఇలాంటి పేటలకే ఎక్కువ పనికొస్తుంది. బడి ఎలాగూ ఉంది, పెట్టె పెట్టడానికి వేరే గది కూడా వెతకనక్కర్లేదు.